కరెంటు పోయేదాకా ముస్తఫా

పావగడలో శనివారం వచ్చిందంటే బస్టాండులో కాలు పెట్టడానికి చోటుండదు. శని మహాత్ముడి గుడికి హిందూపురం, మడకశిర, కళ్యాణదుర్గం వైపు నుంచి ఆంధ్ర జనం, బెంగళూరు, తుమకూరు వైపు నుంచి కర్ణాటక జనం దిగుతూనే ఉంటారు. శ్రావణ శనివారాలైతే ఇక చెప్పనక్కర్లేదు. గుడి వీధంతా నువ్వుల నూనె వాసన. ఆ వాసన తగిలితే నాకు ఇప్పటికీ ఓ రూపాయి బిళ్ల గుర్తొస్తుంది. ప్రతి శనివారం అవ్వ నా చేతిలో రెండు రూపాయలు పెట్టేది. ఒకటి హుండీకి, ఇంకోటి బొరుగులకు. హుండీ రూపాయి హుండీలోనే పడేది, దేవుడి దగ్గర తప్పు చేసే ధైర్యం లేదు. రెండోది మాత్రం బస్టాండు వెనక సందులో పచ్చ పరదా వేలాడే గదిలోకి పోయేది.

ఆ గదికి బోర్డు లేదు. ‘వీడియో గేమ్ అంగడి’ అనేవాళ్లం. అంగడి అంటే తెలుగులోనూ అదే, కన్నడలోనూ అదే. పావగడ తాలూకాలో అలాంటి మాటలకు బలం ఎక్కువ. పటంలో చూడండి, మా తాలూకా తుమకూరు జిల్లాదే గానీ మూడు వైపులా ఆంధ్రే. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు, సినిమా తెలుగు, రేషన్ కార్డు కన్నడం. ఒకే వాక్యం తెలుగులో మొదలుపెట్టి కన్నడంలో ముగించేవాళ్లు వీధికి పదిమంది. అలాంటి పిల్లల ముందు ఇంగ్లీషు అక్షరాలతో, జపాను కేకలతో ఓ తెర వెలిగింది. చదవడం రాదు. చెప్పేవాళ్లు లేరు. కాబట్టి ఆ ఆటలకు పేర్లు మేమే పెట్టుకున్నాం.

లోపల నాలుగు ప్లైవుడ్ డబ్బాలు. ఒక్కో దాంట్లో పాత పిక్చర్ ట్యూబ్, కింద కర్రలు, రంగు బటన్లు. బటన్ల పక్కన చెక్క మీద బీడీలు ఆర్పిన నల్లటి మచ్చలు. వేడెక్కిన వైర్ల వాసన, చెమట వాసన కలిసి పరదా ఎత్తగానే మొహాన కొట్టేది. తర్వాతి వంతు కావాల్సినవాడు తెర అద్దం అంచున రూపాయి నిలబెట్టాలి. ఎవరు పెట్టిన రూపాయి ఏదో అందరికీ తెలుసు, ఒక్కనాడూ తగువు రాలేదు. ఆడేవాడు ఒకడైతే వెనక చూసేవాళ్లు ఎనిమిది మంది. “వెనక్కి జరగండప్పా, గాలి ఆడల్ల” అని అంగడి అన్న గంటకోసారి కసిరేవాడు. ఎవరూ జరిగేవాళ్లు కాదు.

అన్నిటికంటే గిరాకీ ముస్తఫాకి. 1993లో జపాన్‌కి చెందిన క్యాప్‌కామ్ కంపెనీ తీసిన ఆ ఆట అసలు పేరు ‘క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్’ అని నాకు తెలిసింది ఎన్నో ఏళ్ల తర్వాత, బెంగళూరులో ఉద్యోగం చేస్తూ. మార్క్ షుల్ట్జ్ అనే అమెరికా చిత్రకారుడు గీసిన ‘జెనోజోయిక్ టేల్స్’ బొమ్మల కథ దానికి మూలం. ఆడేవాడు ఎంచుకోవడానికి నలుగురుంటారు: జాక్, హానా, మెస్, ముస్తఫా. ముస్తఫా కాలు చురుకు. రెండడుగులు పరుగెత్తి గాల్లోకి లేచి తన్నాడంటే ఎదురుగా ఉన్న నలుగురూ ఒకేసారి పడేవాళ్లు. పైగా 1996లో ‘ప్రేమదేశం’ సినిమా వచ్చి, అందులోని పాటతో ఆ పేరును మా అందరి నోళ్లలో పెట్టేసింది. జాక్ ఎవరికి కావాలి? ఆట మొత్తానికి ముస్తఫా పేరే నిలిచింది. తర్వాత ఉద్యోగంలో చేరాక చూస్తే గుంటూరు వాడూ, వరంగల్ వాడూ, లక్నో వాడూ అదే పేరు చెప్పారు. ఒకరికొకరు తెలియని ఇన్ని ఊళ్ల పిల్లలు ఒకే పేరుకు ఎలా వచ్చారో తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు పులకరిస్తుంది.

పక్క డబ్బాలో 1991 నాటి ‘స్ట్రీట్ ఫైటర్ 2’. అందులో తెల్లబట్టల ర్యూ రెండు చేతులూ ముందుకు చాపి నీలం నిప్పు వదిలేటప్పుడు ఓ కేక వేస్తాడు. జపాను భాషలో అది ‘హదోకెన్’, తరంగాల పిడికిలి అని అర్థం. మాకు మాత్రం ‘ఆడుకో’ అని వినబడింది. ఎవడో తెలుగువాడు లోపల కూర్చుని చెబుతున్నాడనే నమ్మాం. కర్రను కిందికి, అక్కణ్ణుంచి ఏటవాలుగా ముందుకు, చివరికి సూటిగా ముందుకు తిప్పి గుద్దు బటన్ నొక్కాలి. అది చేతకు రావడానికి నాకు ఎన్ని శనివారాల బొరుగులు పోయాయో లెక్క లేదు. వచ్చిన రోజు మాత్రం గుడి మెట్ల మీద కూర్చుని గాల్లో బొటనవేలు తిప్పుకుంటూనే ఉన్నాను.

టోక్యోలోనో ఒసాకాలోనో పుట్టిన ఆట పావగడ సందులోకి ఎలా వచ్చింది? దారి వేసింది ఓ చిన్న కనెక్టరు. 1980ల మధ్యలో జపాన్‌లో ఆట యంత్రాల తయారీదారుల సంఘం జామా అనే ప్రమాణం పెట్టుకుంది. బోర్డుకూ డబ్బాకూ మధ్య కనెక్టరు ఎవరిదైనా 56 పిన్నులతో ఒకే రకంగా ఉంటుంది. అంటే డబ్బా పాతదే, తెర పాతదే, లోపల బోర్డు మార్చితే ఆట మారిపోతుంది. డబ్బాలు స్థానికంగా వడ్రంగి చేత చేయించుకోవచ్చు, బోర్డు ఒక్కటి బస్సులో సంచిలో పెట్టుకుని తెచ్చుకోవచ్చు. వాటిలో కంపెనీ బోర్డుల కంటే నకళ్లే ఎక్కువ తిరిగేవని తర్వాత చదివాను. అవే లేకపోతే మా తరం ఆ ఆటల మొహం చూసేది కాదు. చాలా బోర్డుల మీద చిన్న తెల్ల స్విచ్చుల వరస ఉంటుంది. ఎన్ని ప్రాణాలివ్వాలి, శత్రువు ఎంత గట్టిగా కొట్టాలి అనేది వాటితోనే. శనివారం జనం ఎక్కువైనప్పుడు అన్న వాటిని ముట్టుకుంటాడని మా గట్టి అనుమానం. అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

అయితే మా అసలు శత్రువు తెరలో లేడు. కరెంటు. కరువు తాలూకా మాది. వేరుశనగ వేసి మబ్బు వైపు చూడాలి, బోరు వేసి కరెంటు వైపు చూడాలి. పగలు ఎప్పుడు పోతుందో, ఎప్పుడొస్తుందో తెలిసేది కాదు. పోతే తెర మీద బొమ్మంతా మధ్యకు ముడుచుకుని ఓ తెల్లటి చుక్కయి ఆరిపోయేది. చీకట్లో ఎవడో “కరెంట్ హోయ్తు” అనేవాడు. ఆ బోర్డులకు ఆడుతున్న ఆటను దాచుకునే గుణం లేదు. మళ్లీ కరెంటు వచ్చాక ఎక్కడ ఆగామో దానికి గుర్తుండదు, మొదటి నుంచే. అన్న మంచివాడు. డబ్బా కింది చిన్న తలుపు తెరిచి, బిళ్ల పడే చోట ఉన్న తీగను వేలితో ఓసారి కదిపేవాడు. ఠక్కున ‘క్రెడిట్ 1’ పడేది. పోయిన ఆట రాదు గానీ రూపాయి తిరిగొచ్చేది.

ఓ శ్రావణ శనివారం నేనూ, వై.ఎన్.హొసకోటెలో మగ్గాలున్న ఇంటి పిల్లాడూ, తిరుమణి నుంచి వచ్చే నా జతగాడూ ముగ్గురం కలిసి ఆడాం. ఆ డబ్బాలో మొదటి కర్ర ఎడమకి సరిగా పోయేది కాదు. అందుకని దాన్ని ఎప్పుడూ కొత్తవాళ్లకు వదిలేవాళ్లం. ఆరోజు జతగాడు తనే తీసుకున్నాడు. మూడో స్టేజీలో కారెక్కి తొక్కుకుంటూ పోయాం. ఎనిమిదో స్టేజీ, ఆఖరి బాసు డాక్టర్ ఫెసెండన్. అంతదూరం అంతకుముందు మా అంగడిలో ఎవరూ పోలేదు. వెనక పరదా దాకా జనం. ఊపిరి చప్పుడు కూడా లేదు. వాడు మనిషి రూపం వదిలి రాక్షసుడయ్యాడు. మా ముగ్గురికీ కలిపి రెండే ప్రాణాలు. తెల్లటి చుక్క. చీకటి.

ఎవరూ మాట్లాడలేదు. అన్న తలుపు తెరవడానికి వంగాడు గానీ మేం అప్పటికే బయటికి వచ్చేశాం.

ఆ ఆట చివర నేను చూసింది 2009లో, కంప్యూటర్ మీద. 1997లో ఇటలీకి చెందిన నికోలా సాల్మోరియా తొలిసారి విడుదల చేసిన ‘మేమ్’ అనే సాఫ్ట్‌వేర్ పాత బోర్డులు చేసే పనంతా కంప్యూటర్ చేత చేయిస్తుంది. ముస్తఫా లాంటి ఆటలకు అది ఊపిరి పోసింది. ఎందుకంటే ఈ ఆర్కేడ్ ఆటను ఇంటి టీవీ యంత్రాల కోసం కంపెనీ విడుదల చేయనే లేదు. డబ్బాలు విరిగిపోతే ఆటా పోవాల్సిందే. మేమ్‌లో కీబోర్డు మీద 5 నొక్కితే రూపాయి పడినట్టే. ఎన్నిసార్లయినా నొక్కవచ్చు. ఫెసెండన్‌ను చంపాను, చివరి బొమ్మలు చూశాను, గంట కూడా పట్టలేదు. రాత్రి పదకొండు. గదిలో నేనొక్కణ్ణే. జతగాడికి ఫోన్ చేసి “చచ్చినాడప్పా వాడు” అన్నాను. “ఎవరు?” అన్నాడు. చెప్పగానే కాసేపు మాట రాలేదు వాడికి.

ఆ జతగాడి పొలం ఇప్పుడు సోలార్ పార్కులో ఉంది. తిరుమణి, వళ్లూరు, బలసముద్ర, క్యాతగానచెర్లు, రాయచెర్లు ఊళ్ల మధ్య సుమారు 13,000 ఎకరాల్లో కనుచూపు మేర నీలం పలకలు. 2018 మార్చిలో అప్పటి ముఖ్యమంత్రి సిద్ధరామయ్య ప్రారంభించారు, 2019 డిసెంబరుకల్లా 2,050 మెగావాట్ల పూర్తి సామర్థ్యానికి చేరింది. ‘శక్తి స్థల’ అని పేరు. రైతుల భూమి కొనలేదు, ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల లెక్కన కౌలుకు తీసుకున్నారు. భూమి ఉన్నవాళ్లకు వాన చూడాల్సిన పని తప్పింది. ఆ భూముల్లో కూలికి పోయి బతికినవాళ్లకు అలాంటి భరోసా దొరకలేదు, అది మా ఊళ్లలో ఇప్పటికీ నొప్పిగానే ఉంది. అయినా ఆ పలకల మధ్య మొదటిసారి నడిచినప్పుడు నాకు గొంతు పట్టేసింది. కరెంటు కోసం కళ్లు కాయలు కాసిన నేల ఇది. ఇప్పుడు కర్ణాటకకంతా ఇక్కణ్ణుంచి పోతోంది.

పోయిన శ్రావణంలో జతగాడి ఇంటికి వెళ్లాను. పశువుల కొట్టం చివర, ఖాళీ గోనెసంచుల వెనక, ఓ ప్లైవుడ్ డబ్బా. అంగడి మూసేసేటప్పుడు అన్న దగ్గర కొన్నాడట, ఇన్నేళ్లూ నాకు చెప్పనే లేదు. తెర లేదు, బోర్డు లేదు. లోపల అరలు కొట్టి విత్తనం కాయలు పోసుకునేవాళ్లు. కాయల పని పోయాక కోడి గుడ్లు పెడుతోంది. బటన్లున్న చోట గుండ్రటి కన్నాలు, బీడీల మచ్చలు అలాగే ఉన్నాయి. మొదటి కర్ర ఒక్కటి మిగిలింది.

వాడి పదేళ్ల కొడుకు పక్కన నిలబడి “ఇది యాడ నొక్కల్ల పెద్దనాయనా?” అన్నాడు. దుమ్ము తుడిచి వాడి చేతిని కర్ర మీద పెట్టాను. పైకి తోశాడు, టిక్కు. కిందికి, టిక్కు. కుడికి, టిక్కు. ఎడమకి తోశాడు. శబ్దం రాలేదు. మళ్లీ తోశాడు.

“అది అప్పుడూ అంతే” అన్నాడు జతగాడు.