లీగు గీతలు, అభిమానుల బాటలు

ఫుట్‌బాల్ ఆట ముగియడానికి తొంభై నిమిషాలు చాలు. ఆ ఆటను పొరుగూరికి పోయి చూచి రాదలచిన అభిమానికి మాత్రం ఒక పగలు పూర్తిగా పడుతుంది. ఒక్కొక్కసారి రెండు రాత్రులు కూడా చాలవు. బస్సు ఛార్జీ, రైలు టిక్కెట్టు, దారిలో భోజనం, పోగొట్టుకొన్న ఒకనాటి కూలి, ఇవన్నీ అతని లెక్కలోకి వచ్చేవే. అతడెంత దూరం పోవలసి ఉంటుందో నిర్ణయించేది అతని అభిమానం కాదు. ఏ జట్లను ఏ శ్రేణిలో చేర్చాలి, ఆ శ్రేణిని దేశమంతటికీ ఒకటిగా ఉంచాలా లేక ప్రాంతాల వారీగా విడదీయాలా అని క్రీడాసంఘాల కార్యాలయాలలో గీసే గీతలు దానిని నిర్ణయిస్తాయి. ఆ గీతలు మారినప్పుడు, ముఖ్యంగా క్రింది శ్రేణులలో మారినప్పుడు, జట్టు వెంట నడిచే సామాన్య ప్రేక్షకునికి ఏమి జరుగుతుందో విద్యార్థి మిత్రులకు వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

గీతల సంగతి మన ప్రాంతం వారికి క్రొత్త కాదు. 1970లో ఒంగోలు కేంద్రంగా క్రొత్త జిల్లా ఏర్పడే వరకు పామూరు, కనిగిరి తాలూకాతో పాటు నెల్లూరు జిల్లాలోనిది. మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలోనివి. 1972లో ఆ క్రొత్త జిల్లాకు ప్రకాశం పేరు వచ్చినది. ఊళ్ళు కదలలేదు, వెలిగొండలు కదలలేదు. కాని కచేరీ పనికైనా, జిల్లా పోటీలకైనా నెల్లూరు బస్సు ఎక్కవలసిన మనిషి ఒంగోలు బస్సు ఎక్కవలసి వచ్చినది. ఫుట్‌బాల్ శ్రేణుల పునర్వ్యవస్థీకరణ కూడా సరిగా ఇటువంటిదే. మన వైపు మైదానాలలో వాలీబాల్, కబడ్డీ, క్రికెట్ కనిపించినంతగా ఫుట్‌బాల్ కనిపించదన్నది నిజమే. అయినా ఈ విషయం ఆటను మించినది; గీత గీసేవాడు ఒకడు, దారి నడిచేవాడు మరొకడు అయినప్పుడు ఎక్కడైనా ఎదురయ్యే సమస్య ఇది.

లీగును ఒక నిచ్చెనగా ఊహించుకొనవచ్చును. ప్రతి సంవత్సరం ఒక మెట్టులో అగ్రస్థానం పొందిన జట్లు పై మెట్టుకు ఎక్కుతాయి, అట్టడుగున నిలిచినవి క్రింది మెట్టుకు దిగుతాయి. పై మెట్టులో జట్లు కొద్ది. అవి దేశమంతటా చెదరి ఉంటాయి. వాటి ఆదాయం కూడా ఎక్కువ. అడుగు మెట్లలో జట్లు వందలు, వేలు. వాటి సంపాదన స్వల్పం. కనుక పైన సమాన బలం గల జట్లను ఎంత దూరమైనా కలపడం న్యాయం. అడుగున మాత్రం ఇరుగుపొరుగు జట్లను కలపడమే గిట్టుబాటు. మరి దేశవ్యాప్త లీగు ఏ మెట్టు వద్ద ముగిసి ప్రాంతీయ లీగు మొదలు కావాలి? వివాదమంతా ఈ ఒక్క గీత మీదనే.

ఇంగ్లండు చరిత్రలో ఈ గీత అనేకసార్లు పైకి క్రిందికి జరిగినది. 1888లో పన్నెండు జట్లతో ఆరంభమైన ఫుట్‌బాల్ లీగు, 1921 నాటికి మూడవ డివిజన్‌ను ఉత్తరం, దక్షిణం అని రెండుగా విడదీసినది. ఈ ఏర్పాటు చాలా కాలం నిలిచినది. 1958లో దానిని రద్దు చేసి, రెండు భాగాలలోను పై సగం జట్లతో దేశవ్యాప్తమైన మూడవ డివిజన్‌ను, క్రింది సగంతో నాలుగవ డివిజన్‌ను ఏర్పరచినారు. ఆటగా చూస్తే ఇందులో న్యాయమున్నది. దారిగా చూస్తే మాత్రం కష్టం. స్కాట్లండు సరిహద్దున ఉన్న కార్లైల్, నైరుతి మూలనున్న ఎక్సెటర్ ఒకే శ్రేణిలో పడినవి. వాటి నడుమ దూరం అయిదు వందల కిలోమీటర్లకు పైమాట. ఆ ఏడు పోటీలు మొదలయ్యే నాటికి ఇంగ్లండులో ఒక్క మోటారు రహదారి కూడా లేదు. మొట్టమొదటిది డిసెంబరులో ప్రెస్టన్ పట్టణం పక్కన తెరచినారు, అదీ ఎనిమిది మైళ్ళు. పైసలు కూడబెట్టుకొని జట్టు వెంట పోయే కార్మికునికి ఈ పునర్వ్యవస్థీకరణ ఏమి ఇచ్చినదో ఊహించుకొనవచ్చును.

ఈశాన్య మూలనున్న గేట్స్‌హెడ్ కథ ఇంకా విచారకరం. ఆ రోజులలో అట్టడుగు జట్లు లీగులో కొనసాగవలెనంటే తోటి జట్ల ఓట్లు పొందవలసి ఉండేది. 1960లో గేట్స్‌హెడ్ అట్టడుగు స్థానంలో కూడా లేదు. క్రింది నుండి మూడవది. అయినను ఓట్లలో ఓడి వెలుపలకు పోగా దాని స్థానాన్ని పీటర్‌బరో పొందినది. అంత దూరం ప్రయాణం చేయడం దక్షిణాది జట్లకు ఇష్టం లేకపోవడం కూడా ఒక కారణమని అక్కడివారు నేటికీ చెప్పుకొంటారు. దూరానికి కూడా ఓటు ఉంటుందన్నమాట!

ఓట్ల పద్ధతి పోయి ఆటను బట్టి ఎక్కడం, దిగడం లీగు అడుగు మెట్టు వరకు రావడానికి 1987 వరకు ఆగవలసి వచ్చినది. ఆ ఏడు స్కార్‌బరో పైకి ఎక్కగా లింకన్ సిటీ క్రిందికి దిగినది. అంతకు ముందే 1979లో లీగు వెలుపలి మేటి జట్లు ఇరవై కలిసి దేశవ్యాప్తంగా అలయన్స్ ప్రీమియర్ లీగును స్థాపించుకొన్నాయి. 2004లో దానికి క్రింద ఉత్తర, దక్షిణ విభాగాలు వెలసినవి. 2021లో ఇంకా క్రిందనున్న శ్రేణులలో విభాగాల సంఖ్యను పెంచి ప్రయాణాలను తగ్గించే ప్రయత్నం చేసినారు. అనగా 1958లో చెరిపిన గీతను కొన్ని మెట్లు దిగువన మరల గీసినారు. అయినా చిక్కు పూర్తిగా తీరలేదు. 2025లో కార్న్‌వాల్ ప్రాంతపు ట్రూరో సిటీ దక్షిణ విభాగంలో నెగ్గి దేశవ్యాప్త శ్రేణికి ఎక్కినది. అక్కడ దానికి ఎదురైన జట్లలో గేట్స్‌హెడ్ ఒకటి (ఇది 1977లో అదే పేరుతో పుట్టిన క్రొత్త సంఘం). ఒకవైపుకే సుమారు ఏడు వందల కిలోమీటర్లు. గెలుపునకు ఇంత శిక్ష ఉంటుందని ఎవరనుకొంటారు!

ఇక్కడ ఒక ఆర్థిక సూత్రాన్ని గమనించాలి. పెద్ద జట్లకు టెలివిజన్ సొమ్ము వస్తుంది. గ్యాలరీ ఖాళీగా ఉన్నా బండి నడుస్తుంది. చిన్న జట్టుకు టిక్కెట్ల సొమ్మే ఆధారం. పక్క పట్టణపు జట్టు వచ్చిననాడు దాని వెంట వందలమంది వస్తారు. టిక్కెట్లు అమ్ముడవుతాయి, టీ కొట్లు నిండుతాయి, పాత పంతాలు పదునెక్కుతాయి. దూరపు జట్టు, అందునా పనిదినం రాత్రి వేళ వస్తే దాని వెంట వచ్చేవారు పదుల సంఖ్యలోనే. కనుక ప్రయాణికుడైన అభిమాని శ్రమ అతని సొంత కష్టం మాత్రమే కాదు, ఆతిథ్యమిచ్చే జట్టు పెట్టెకు కూడా అది నష్టమే. అంతర కళాశాల పోటీలకు బృందాలను విభజించే పెద్దలు కూడా ఈ లెక్కను ఒకసారి చూచుకొనుట మంచిదని మనవి. జట్టుకు బస్సు ఛార్జీలు మంజూరు చేయడం వేరు, జట్టు వెంట యాభైమంది విద్యార్థులు రాగలగడం వేరు.

ఇప్పుడు మన తెలుగునాటికి వత్తాము. ఉపాధ్యాయ వృత్తి నుండి వచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీం గారి శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్పును, 1950లో డ్యూరాండ్ కప్పును గెలుచుకొన్నది. రహీం గారే 1951, 1962 ఆసియా క్రీడలలో భారత జట్టుకు స్వర్ణపతకాలు తెచ్చిపెట్టినారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు నాలుగవ స్థానం పొందినది కూడా ఆయన శిక్షణలోనే. అవి నాకౌట్ కప్పుల రోజులు. రోవర్స్ బొంబాయిలో, డ్యూరాండ్ ఢిల్లీలో, ఐ.ఎఫ్.ఎ. షీల్డు కలకత్తాలో జరిగేవి. జట్టు రైలెక్కి పోయేది. ఊరు మరునాటి పత్రిక కొరకు ఎదురుచూచేది. సొంత ఊరిలో ఒక ఆట, పొరుగూరిలో ఒక ఆట అనే జాతీయ లీగు పద్ధతి లేదు గనుక, జట్టు వెంట ప్రయాణించే అభిమాని అనే వాడు అప్పటికి ఇంకా పుట్టలేదనే చెప్పాలి.

ఆ పద్ధతి 1996లో జాతీయ ఫుట్‌బాల్ లీగుతో వచ్చినది. 2007లో దాని స్థానాన్ని ఐ-లీగ్ పొందినది. 2014లో ఎనిమిది జట్లతో ఇండియన్ సూపర్ లీగ్ ఆరంభమైనది. అందులో చోటు ఆటలో గెలిచి సంపాదించుకొనేది కాదు, రుసుము చెల్లించి పొందేది. మొదట హైదరాబాదుకు అందులో చోటు లేదు. 2019లో పూణే జట్టు మూతపడగా ఆ స్థానం హైదరాబాదు ఎఫ్.సి. పేరుతో గచ్చిబౌలి మైదానానికి వచ్చినది. అదే ఏడు ఢిల్లీ జట్టు భువనేశ్వరానికి తరలి ఒడిశా ఎఫ్.సి. అయినది. 2019 నాటి ప్రణాళిక ననుసరించి ఐ-లీగ్ రెండవ శ్రేణిగా స్థిరపడి, 2022-23 నుండి దాని విజేతకు మాత్రం పై శ్రేణికి దారి తెరుచుకొన్నది. పై నుండి క్రిందికి దిగే దారి మాత్రం 2024-25 పోటీలు ముగిసే వరకు తెరువలేదు. ఒకవైపు మెట్లు మాత్రమే గల నిచ్చెన ఇది!

దాని ఫలితాన్ని హైదరాబాదు అభిమానులు అనుభవించినారు. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్దా మైదానంలో హైదరాబాదు ఎఫ్.సి. పెనాల్టీలలో కేరళ బ్లాస్టర్స్‌ను ఓడించి విజేత అయినది. మహమ్మారి కారణంగా ఆ ఏడు ఆటలన్నీ గోవాలోనే, ప్రేక్షకులు లేకుండా జరిగినవి. ఫైనల్‌కు మాత్రం తలుపులు తెరచినారు. గ్యాలరీలలో ఎటు చూచినా కేరళ వారి పసుపు రంగే. తమ జట్టు జీవితంలో మహత్తర విజయాన్ని హైదరాబాదు వారిలో ఎక్కువమంది టెలివిజన్‌లోనే చూచినారు. రెండేళ్ళు తిరిగేసరికి 2023-24లో ఆ జట్టు ఇరవై రెండు ఆటలలో ఒక్కటే గెలిచి అట్టడుగున నిలిచినది. నిచ్చెన సరిగా ఉన్న దేశమైతే అది క్రింది శ్రేణికి దిగేది. ఇక్కడ దిగలేదు. దిగలేదు గాని, 2025లో ఏకంగా ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయినది.

క్రింది శ్రేణికి దిగడం అభిమానికి అవమానం. కాని దిగిన జట్టు ఊరిలోనే ఉంటుంది. వచ్చే వారం ఆటకు పోవచ్చును, పొరుగూరికి దాని వెంట పోవచ్చును. తరలిపోయిన జట్టు విషయంలో ఆ అవకాశం లేదు. ప్రయాణించవలసినది అభిమాని, ఇక్కడ జట్టే ప్రయాణించి అభిమానిని దిగవిడిచినది. నా అభిప్రాయంలో మన లీగు నిర్మాణంలోని పెద్ద లోపం ఇదే, దూరం కాదు.

లండనులోని వింబుల్డన్ సంఘానికి కూడా ఇట్టి గతి పట్టినది. 2002లో ఆ జట్టును మిల్టన్ కీన్స్ పట్టణానికి తరలించడానికి అనుమతి లభించగా, అభిమానులు వెంటనే ఎ.ఎఫ్.సి. వింబుల్డన్ అనే సొంత సంఘాన్ని స్థాపించి, స్థానిక లీగు అడుగు మెట్ల నుండి ఆరంభించినారు. ఆ మెట్లలో పొరుగు ఆటలన్నీ దగ్గరి ఊళ్ళలోనే గనుక వేలమంది వెంట నడువగలిగినారు. తొమ్మిదేళ్ళలో, 2011 నాటికి, ఆ సంఘం ఫుట్‌బాల్ లీగులోకి ఎక్కినది. పట్టుదల వారిదే, కాని ఎక్కడానికి మెట్లు ముందే ఉన్నవి.

హైదరాబాదు అభిమానులు అదే పని చేయదలిస్తే? రాష్ట్ర లీగు, 2023-24లో మొదలైన ఐ-లీగ్ 3, ఆపై ఐ-లీగ్ 2, ఆపై ఐ-లీగ్. ఇన్ని మెట్లు కాగితం మీద ఉన్నవి. అయితే ఐ-లీగ్ 3 ఆటలు కొన్ని కేంద్రాలలో జట్లన్నిటిని ఒకచోట చేర్చి జరిపినవి. సొంత ఊరి ప్రేక్షకునికి అందులో పాత్ర లేదు. ఐ-లీగ్ చేరిన తరువాత ఎదురయ్యే ఊళ్ళు శ్రీనగరం, ఐజ్వాల్, షిల్లాంగ్, కోజికోడ్ వంటివి. 2025 సెప్టెంబరులో సైరంగ్ మార్గం ప్రారంభమయ్యే దాకా ఐజ్వాల్ దరిదాపులకు రైలే లేదు. ఈ దూరాలు పడుతూ శ్రీనిధి దక్కన్ జట్టు 2022-23లోను, 2023-24లోను రెండవ స్థానం పొందినది. పైకి ఎక్కేది విజేత ఒక్కటే గనుక రెండుసార్లు వాకిట నిలిచిపోయినది. 2020లో ఆ జట్టుకు చోటు లభించినది విశాఖపట్నం పేరున అన్న సంగతి ఆంధ్ర పాఠకులు గుర్తుంచుకొనదగినది. తరువాత దాని సొంత మైదానం హైదరాబాదు పొలిమేరలో వెలసినది.

దక్షిణాదికి ప్రత్యేక విభాగమొకటి మూడవ శ్రేణిలో ఏర్పడి, ఒక ఆట సొంత ఊరిలో, మరొకటి పొరుగూరిలో అనే పద్ధతి అక్కడి నుండే పాటిస్తే హైదరాబాదు, అనంతపురం, విజయవాడ, చెన్నై, బెంగుళూరు జట్లు పరస్పరం తలపడవచ్చును. ఇవన్నీ ఒకదానికొకటి ఒక రాత్రి బస్సు దూరంలోనివి. పామూరు కుర్రవాడు కూడా శనివారం తరగతులు ముగించుకొని బయలుదేరి, విజయవాడలో ఆట చూచి, సోమవారం మొదటి గంటకు తరగతిలో కూర్చొనవచ్చును.