జాకెట్టు పోయిన పాత గ్రంథములు

గట్టి అట్ట గల పుస్తకమునకు పైన తొడుగు ముద్రితపత్రమునే జాకెట్టు అందురు. ధూళినుండి అట్టను కాచుటకు వచ్చిన దిది. ఇంగ్లండున 1830వ సంవత్సరపు వార్షిక సంపుట మొకదానికి చుట్టిన కాగితము ఇట్టివానిలో మిక్కిలి ప్రాచీనమైన వాని కోవకు చెందును. చదువరులు చించి పారవేయుటచే పాత జాకెట్లు దుర్లభములైనవి.

కయత్తారు, కోవిల్పట్టి, విరుదునగరము ప్రాంతముల తెలుగువారి కీ లోపము సామాన్యమైనది కాదు. బడులలో తమిళమును తప్పనిసరి చేయు చట్టము 2006లో వచ్చినది; ఇంట తెలుగు మాటలాడియు తెలుగు లిపి నెరుగనివారు పెక్కురు. పేరు కానరాని కాలికో అట్ట పుస్తకము అట్టి యింట తూకపు కాగితములలో కలియును.

కావున క్రొత్త తొడుగు అవసరము. ముందుగా అదే ముద్రణకు చెందిన వేరొక ప్రతి జాకెట్టును వెదకవలెను. వేరు ముద్రణది తగదు. వెలయు సంవత్సరమును మారును. దొరకినచో నకలు తీయించి, లోమడతపై 'నకలు' అని సంవత్సరముతో గుర్తింపవలెను. లేనిచో కొనువాడు మోసపోవును. అచ్చుపనికి శివకాశి చేరువనే యున్నది. మూలము దొరకనప్పుడు ఆమ్లరహితమైన తెల్లకాగితమును, జిగురు తగులనీయక, మడచి తొడిగి, వీపుపై గ్రంథనామమును తెలుగు తమిళ లిపులు రెంటను వ్రాయుట మేలు. తెలుగు చదువలేని మనుమడు సైతము తాత చదివిన గ్రంథమేదియో గుర్తించి దాచును.