రాగి లవణముల స్ఫటిక నిర్మాణము

విశాఖపట్టణము పేరు చెప్పగనే ఎవరికైనను రెండు విషయములు తలపునకు వచ్చును. మొదటిది 1933వ సంవత్సరమున ప్రారంభింపబడిన ఓడరేవు. రెండవది 1992లో జాతికి అంకితము చేయబడిన ఉక్కు కర్మాగారము. ఈ రెంటియందును ఇనుమునకే పెద్దపీట. కాని ఇనుము చాటున ఉండి పని చేయు లోహము మరియొకటి కలదు. అది రాగి. ఓడ అడుగుభాగమునకు పూయు రంగులలో సాధారణముగ రాగి సమ్మేళనములు ఉండును. అవి లేనిచో నాచును, గుల్లపురుగులును ఓడ అడుగున దట్టముగ పట్టి దాని వేగమును తగ్గించును. ఇనుప ఖనిజమును కరగించు పెద్ద కొలిమిలోనికి వేడిగాలిని ఊదు గొట్టముల మూతులు రాగితో చేయబడును. రాగి వేడిమిని త్వరగా గ్రహించి, తన లోపల ప్రవహించు నీటికి ఇచ్చివేయును. కావుననే ఆ మూతులు అంతటి మంటలోను కరగక నిలుచును.

సముద్రతీరమునందలి ఇండ్లలో రాగిచెంబును కొన్ని దినములు తోమక విడిచినచో దానిపై పచ్చని చిలుము పట్టును. గాలిలోని ఆమ్లజని, తేమ, బొగ్గుపులుసు గాలి, సముద్రపు ఉప్పుగాలిలోని క్లోరిన్ రాగితో కలియుటచే ఈ చిలుము ఏర్పడును. చింతపండు పులుసు దానిని కరగించును. చెంబు మరల ఎఱ్ఱగా మెఱయును. ఈ చిన్న విషయమునందే ఒక పెద్ద ప్రశ్న దాగియున్నది. రాగి ఎఱ్ఱనిది. దాని చిలుము పచ్చనిది. బజారులో దొరకు మైలుతుత్తము రాగి, గంధకము, ఆమ్లజని కలిసిన లవణమే అయినను, అది నెమలికంఠము వలె నీలముగ నుండును. రాగి లవణములలో పసుపుపచ్చనివియు కలవు. ఒకే లోహమునకు ఇన్ని రంగులు ఎట్లు వచ్చినవి?

రాగి పరమాణువు చుట్టును ఏ పరమాణువులు ఉన్నవి, ఎన్ని ఉన్నవి, ఎంత దూరమున ఏ ఆకృతిలో నిలిచియున్నవి అనుదానిపై ఆ రంగు ఆధారపడియుండును. ఇది నేడు తేలికగా చెప్పదగిన సమాధానము. కాని పరమాణువు కంటికి కనబడదు. సాధారణ సూక్ష్మదర్శినికిని అందదు. కనబడని వస్తువుల అమరికను మానవుడు ఎట్లు తెలిసికొనెను? ఇదియే స్ఫటికశాస్త్రపు కథ.

మైలుతుత్తమును కాచినచో దాని నీలిరంగు పోయి తెల్లని పొడి మిగులును. ఆ పొడిపై రెండు చుక్కలు నీరు పోసినచో మరల నీలమగును. అనగా ఆ రంగునకు నీరు అవసరము. మైలుతుత్తపు స్ఫటికమునందు ఒక్కొక్క రాగి పరమాణువునకు అయిదేసి నీటి అణువులు ఉన్నవని రసాయన శాస్త్రజ్ఞులు తూకముచే నిర్ణయించిరి. అయితే కాచునపుడు ఆ అయిదును ఒక్కసారిగ విడిపోవు. నాలుగు ముందుగా పోవును. ఒకటి మాత్రము 200 డిగ్రీల వేడిమి దాటినగాని పోదు. ఈ భేదమునకు కారణమేమి? అయిదును ఒకే విధముగ ఇమిడియున్నచో అన్నియు ఒకే విధముగ పోవలసినది గదా!

ఇట్టి చిక్కులను విడదీయుటకు 1893లో ఆల్‌ఫ్రెడ్ వెర్నర్ అను శాస్త్రజ్ఞుడు ఒక మార్గము చూపెను. లోహపు అయాను తన చుట్టును నియతమైన సంఖ్యలో అణువులను గాని అయానులను గాని ఒక నిశ్చితమైన ఆకృతిలో నిలుపుకొనుననియు, ఆ సమూహమంతయు ఒకే కుటుంబము వలె మెలగుననియు అతడు ప్రతిపాదించెను. అట్టి సమూహములు గల లవణములకు సంకీర్ణ లవణములని పేరు. మైలుతుత్తపు ద్రావణములో అమోనియాను అధికముగ పోసినపుడు లేతనీలము మాఱి ముదురునీలమగుట పాఠశాలలో చూపదగిన ప్రయోగము. అచట రాగి చుట్టునున్న నీటి అణువులను తొలగించి నాలుగు అమోనియా అణువులు ఆ స్థానములను ఆక్రమించినవి. పొరుగువారు మాఱిరి గనుక రంగు మాఱినది. ఈ కృషికి వెర్నరునకు 1913లో నోబెల్ బహుమానము లభించెను. కాని అతని చిత్రము ఎంత చక్కనిదైనను ఊహయే. దానిని కన్నులార చూచినవారు లేరు.

ఆ కొఱత తీరు మార్గము 1912లో జర్మనీ దేశమునందలి మ్యూనిక్ నగరమున దొరకెను. సామాన్యమైన వెలుతురు అలల పొడవు పరమాణువుల మధ్యనున్న ఎడముకంటె వేలరెట్లు పెద్దది. అంత పెద్ద అలతో అంత చిన్న వస్తువును తడవి చూచుట సాధ్యము కాదు. ఎక్స్-కిరణముల అలలు మాత్రము ఇంచుమించు ఆ కొలతకు సరిపోవును. స్ఫటికములో పరమాణువులు వరిమడిలో వరుసగా నాటిన నారువలె క్రమముగ నిలిచియున్నచో, ఎక్స్-కిరణములు దాని గుండ పోవునపుడు కొన్ని దిక్కులకు మాత్రమే బలముగ చెదరి, ఛాయాచిత్రపు పలకపై చుక్కలు ఏర్పరుపవలెనని లావే అను శాస్త్రజ్ఞుడు తలచెను. ఫ్రీడ్రిక్, క్నిప్పింగ్ అను ఇరువురు ఆ ప్రయోగము చేసిరి. దానికై వారు మొదట తీసికొనిన స్ఫటికము మైలుతుత్తమే! పలకపై చుక్కలు పడినవి. స్ఫటికములో క్రమమున్నదనుటకును, ఎక్స్-కిరణములు అలలే అనుటకును ఒకే పలక సాక్ష్యమయ్యెను.

అయితే మైలుతుత్తపు స్ఫటికము మిక్కిలి వంకరయైనది. దాని లోపలి గడిలో మూడు అంచుల పొడవులును వేఱు. ఏ రెండు అంచులును లంబముగ కలియవు. కావున ఆ చుక్కల అర్థము తేలలేదు. అపుడు వారు ఘనాకారపు అమరికగల జింకు ఖనిజమును తీసికొని స్పష్టమైన చిత్రమును పొందిరి. మరుసటి సంవత్సరమున బ్రాగ్ అను తండ్రీకొడుకులు చుక్కలనుండి పరమాణువుల స్థానములను లెక్కగట్టు విధానమును సాధించి, తినెడు ఉప్పు లోపల సోడియము, క్లోరిన్ అయానులు ఎట్లు మాఱుమాఱుగ నిలిచియున్నవో తేల్చిరి. మైలుతుత్తపు చిక్కుముడి వీడుటకు మరి యిరువది యేండ్లు పట్టెను. 1934లో బీవర్స్, లిప్సన్ అను వారు దానిని సాధించిరి.

వారికి కనబడిన చిత్రమిది: రాగి అయాను చుట్టును నాలుగు నీటి అణువులు చదరముగ నిలిచియున్నవి. వాని దూరము సుమారు 2 ఆంగ్‌స్ట్రాములు. ఆంగ్‌స్ట్రామనగా మిల్లీమీటరులో కోటవ వంతు. చదరమునకు పైని ఒకటి, క్రింద ఒకటి చొప్పున గంధకపు సమూహములకు చెందిన ఆమ్లజని పరమాణువులు రెండు, మరికొంత ఎడముగ, సుమారు 2.4 ఆంగ్‌స్ట్రాముల దూరమున నున్నవి. అయిదవ నీటి అణువు రాగిని తాకనే లేదు. అది ఇరుగుపొరుగు సమూహముల నడుమ ఉదజని బంధములచే పట్టుబడియున్నది. నీటి అణువులన్నియు ఒక తీరువి కావని తూకముతోను వేడిమితోను ఊహించిన రసాయనజ్ఞుల మాటకు ఎక్స్-కిరణములు సాక్ష్యము పలికినవి.

ఇచట మరియొక ప్రశ్న పుట్టును. ఆఱుగురు పొరుగువారు సమాన దూరమున నుండక, నలుగురు దగ్గఱగను ఇరువురు దూరముగను ఏల ఉండవలెను? రాగి అయానునందలి ఎలక్ట్రానుల అమరికయే దీనికి కారణము. దాని వెలుపలి వరుసలో పది ఎలక్ట్రానులకు చోటుండగా తొమ్మిదియే ఉన్నవి. ఒక చోటు ఖాళీగ ఉండుటచే, ఆఱు దిక్కులను సమానముగ చూచు అమరికకు స్థిరత్వము లేదు. ఆకృతి కొంచెము సాగుటచే ఆ సమూహము స్థిరపడును. ఇట్టి స్థితిలో ఆకృతి చెడుట తప్పదని 1937లో జాన్, టెల్లర్ అను వారు సౌష్ఠవ గణితముచే నిరూపించిరి.

సంకీర్ణ లవణములలో కర్బనపు ధన అయానులు కలవి మరింత విచిత్రమైనవి. అమోనియా నుండి పుట్టిన అమోనియము అయానులో నత్రజని చుట్టును నాలుగు ఉదజనులు ఉండును. వానిలో ఒకటి రెంటిని తీసి కర్బనపు గొలుసులను తగిలించినచో కర్బన ధన అయాను ఏర్పడును. ఇట్టి అయానులును, నాలుగు క్లోరిన్లతో కూడిన రాగి సమూహములును కలిసి స్ఫటికములగును. వానిలో కొన్నింటి నిర్మాణము గోదావరి సీమలోని పూతరేకులను తలపించును. రాగి, క్లోరిన్ కలిసి పలుచని రేకులుగ పఱచుకొనును. రేకునకు రేకునకు నడుమ కర్బన అయానులు కూరువలె ఇమిడియుండును. నడుమనున్న గొలుసు పొడవైనకొలది రేకుల ఎడము పెరుగును. అతిశీతల స్థితిలో ఈ రేకులలోని రాగి అయానులు చిన్న అయస్కాంతములై ఒకే దిక్కునకు మొగముంచి నిలుచును.

ఈ జాతిలో డైఇథైలమోనియము అను కర్బన అయాను గల రాగి లవణము మరియొక వింత చూపును. అది మామూలు వేడిమిలో ఆకుపచ్చగ నుండును. సుమారు 50 డిగ్రీలకు పైగా వేడిచేయగనే పసుపుపచ్చగ మాఱును. చల్లార్చినచో క్రమముగ మరల పచ్చనగును. చల్లగ నున్నపుడు నత్రజనికి అంటియున్న ఉదజనులు క్లోరిన్లను బంధములతో పట్టి లాగుచుండును. అందుచే నాలుగు క్లోరిన్లును రాగి చుట్టును ఇంచుమించు చదరముగ నిలుచును. వేడి తగులగనే కర్బన అయానులు చలించును, ఆ పట్టు సడలును. క్లోరిన్లు ఒకదానికొకటి ఎడమై చతుర్ముఖి వంటి ఆకృతిని పొందును. వస్తువులో ఏదియు చేరలేదు, ఏదియు పోలేదు. ఆకృతి మాఱినది గనుక రంగు మాఱినది. మొదట వేసిన ప్రశ్నకు ఇంతకంటె స్పష్టమైన సమాధానము లేదు.

ఆకృతిని తెలియుటకు ఎక్స్-కిరణములేగాక మరియొక సాధనము కలదు. ఒకే రంగుగల కాంతిని వస్తువుపై పంపినపుడు చెదరిన కాంతిలో క్రొత్త రేఖలు కొన్ని కనబడునని 1928లో సర్ సి. వి. రామన్ కనుగొనెను. అణువులోని పరమాణువులు కంపించుటచే ఈ రేఖలు పుట్టును. ఆ దినములలో కలకత్తాలో రామన్ వద్ద చేరి పరిశోధన చేసినవారిలో సూరి భగవంతము ఒకడు. ఆయన 1909లో కృష్ణా మండలమునందలి ఆగిరిపల్లిలో జన్మించెను. హైదరాబాదు నిజాము కళాశాలలో చదివెను. 1932లో వాల్తేరునందలి ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చేరి భౌతికశాస్త్రమును బోధించెను. విశ్వకళాపరిషత్తు స్థాపింపబడి అప్పటికి ఆఱేండ్లు మాత్రమే అయ్యెను.

స్ఫటికమునందలి సౌష్ఠవము తెలిసినచో అది ఎన్ని రామన్ రేఖలను చూపగలదో ముందుగనే లెక్కింపవచ్చును. ఈ లెక్కకు సమూహ సిద్ధాంతమను గణితము ఆధారము. 1939లో భగవంతము, టి. వేంకటరాయుడు కలిసి స్ఫటిక నిర్మాణమునకును రామన్ రేఖలకును గల సంబంధమును లెక్కించు విధానమును ప్రకటించిరి. ఈ గణితమును భౌతిక సమస్యలకు అన్వయించు తీరును వివరించుచు వారిరువురు వ్రాసిన గ్రంథమును 1948లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తే ప్రచురించెను. సముద్రతీరపు క్రొత్త విద్యాలయము నుండి వెలువడిన ఆ గ్రంథము దేశవిదేశములలో విద్యార్థులకు ఉపయోగపడెను.

ఆ లెక్క ఎట్లు పనిచేయునో రాగి లవణముతోనే చూడవచ్చును. ఒక రాగియు నాలుగు క్లోరిన్లును సంపూర్ణమైన చదరముగ నున్నచో ఆ సమూహపు కంపనములలో మూడు మాత్రమే రామన్ రేఖలను ఈయగలవు. సంపూర్ణమైన చతుర్ముఖిగ నున్నచో నాలుగు రేఖలు రావలెను. అనగా పరమాణువులను చూడకయే, రేఖలను లెక్కించి, ఆకృతిని గూర్చి తీర్పు చెప్పవచ్చును. నిజమైన స్ఫటికములలో ఆకృతి కొంత చెడియుండుటచే అదనపు రేఖలును కనబడును. అవియును ఆ వంకర ఎంతో తెలుపును.

ఇంత శ్రమ ఏల అని అడుగువారు ఉండవచ్చును. విశాఖ తీరమున వలలో పడు పీతలను, రొయ్యలను చూచిన చాలును. వాని రక్తములో ఇనుమునకు బదులు రాగి ఉండును. కర్బన అణువులలోని నత్రజనులు పట్టియుంచిన రెండేసి రాగి అయానులు కలిసి ఒక్కొక్క ఆమ్లజని అణువును మోయును. మోయునపుడు ఆ రక్తము నీలముగ నుండును, దించిన పిదప రంగు పోవును. తోటలలో తెగుళ్ళకు చల్లెడు మైలుతుత్తము, సున్నము కలిపిన బోర్డో మిశ్రమమునందును, ఓడకు పూయు రంగునందును, జలజీవుల రక్తమునందును రాగి చేయు పనికి దాని పొరుగువారి అమరికయే మూలము. అమరిక తెలిసినవాడు ఆ పనిని మెరుగుపరుపగలడు, తెలియనివాడు తడవులాడవలసినదే.

మైలుతుత్తపు స్ఫటికమును పెంచుట కష్టము కాదు. అది విషము గనుక ఉపాధ్యాయుని సమక్షముననే చేయవలెను, చేతులు కడుగుకొనవలెను. వేడినీటిలో అది ఎంత కరగునో అంత కరగించి, వడపోసి, చల్లార్చి, ఒక చిన్న స్ఫటికమును దారముతో దానిలో వ్రేలాడదీసి, కదలింపక కొన్ని దినములు ఉంచవలెను. నీరు ఇంకినకొలది అది పెరుగును. తొందరపడి కదలించినచో సన్నని పలుకులు రాలును. ఓపికతో విడిచినచో నున్నని ముఖములతో, పదునైన అంచులతో నీలమణి వంటి స్ఫటికము ఏర్పడును. ఆ నున్నని ముఖము వెనుక కోట్లకొలది రాగి అయానులు, ఒక్కొక్కటి తన ఆఱుగురు పొరుగువారితో, వరుస తప్పక నిలిచియున్నవి. ఆ వరుసను కంటితో చూచినవారు లేకపోయినను, అది ఉన్నదని తూకము, వేడిమి, ఎక్స్-కిరణములు, కాంతిరేఖలు, గణితము అయిదును ఒక్కటిగ చెప్పుచున్నవి. శాస్త్రము నమ్మదగినదగుట ఇట్టి సాక్షులు ఏకమగుట వలననే.