శత్రువు వంతూ మనమే ఆడాలి

2020 జూన్ 19న ‘ద లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2’ అనే వీడియోగేమ్ విడుదలైంది. ప్లేస్టేషన్ 4 కోసం అమెరికాలోని నాటీ డాగ్ సంస్థ తయారుచేసిన ఆట. విమర్శకుల మార్కులన్నీ పోగుచేసి సగటు చూపించే మెటాక్రిటిక్‌లో దానికి నూటికి 93 వచ్చాయి. అక్కడే, ఆడినవాళ్ళు వేసిన మార్కులు మొదటి రోజుల్లో పదికి నాలుగు కూడా దాటలేదు. ఆట పూర్తవడానికి ఎంత తక్కువన్నా ఇరవై గంటలు పడుతుంది. సున్నాలు మాత్రం మొదటి రోజే వేలల్లో పడ్డాయి. అంత చురుకైన ఆటగాళ్ళు లోకంలో అంతమంది ఉన్నారని అప్పటిదాకా ఎవరూ అనుకోలేదు. ఆ తర్వాత మెటాక్రిటిక్ కూడా నిబంధన మార్చింది. కొత్త గేమ్ వచ్చాక 36 గంటలు గడిస్తే గానీ ఆడినవాళ్ళ మార్కులు తీసుకోవడం లేదు.

ఆడకుండానే తిట్టినవాళ్ళ సంగతి త్వరగా తేల్చేద్దాం. ఏప్రిల్ చివరలో కథ లీకైంది. కథానాయిక మరో అమ్మాయిని ప్రేమించడం కొందరికి నచ్చలేదు. ఇంకో పాత్రకు కండలు ఎక్కువున్నాయని మరికొందరికి కోపం. ఆ పాత్రకు గొంతునిచ్చి నటించిన లారా బెయిలీని చంపేస్తామని బెదిరించినవాళ్ళూ ఉన్నారు. వీళ్ళతో వాదించి లాభం లేదు. వాదించాల్సింది చివరిదాకా ఆడి, కంట్రోలర్ కింద పెట్టి, ‘నన్ను మోసం చేశారు’ అన్నవాళ్ళతో. ఇకమీద కథంతా చెప్పేస్తున్నాను. ఆడే ఉద్దేశం ఉన్నవాళ్ళు ఇక్కడితో ఆపేయవచ్చు.

2013లో వచ్చిన మొదటి భాగంతో మొదలుపెట్టాలి. ఒక శిలీంధ్రం సోకి మనుషులు రాక్షసులైపోయిన అమెరికా అది. కన్నకూతుర్ని పోగొట్టుకున్న జోయల్, ఆ రోగం అంటని ఎల్లీ అనే పిల్లను దేశం తూర్పు కొస నుంచి పడమర వైపు తీసుకెళ్తాడు. చివరికి సాల్ట్ లేక్ సిటీ ఆసుపత్రిలో అసలు విషయం తెలుస్తుంది. ఆ పిల్ల మెదడు కోస్తేనే మందు తయారవుతుంది, కోస్తే పిల్ల బతకదు. జోయల్ అడ్డొచ్చినవాళ్ళందరినీ చంపి ఎల్లీని ఎత్తుకొచ్చేస్తాడు. ఏం జరిగిందో ఆమెకు అబద్ధం చెబుతాడు. ఆపరేషన్ గదిలో ఒక డాక్టర్ చిన్న కత్తి పట్టుకుని అడ్డం నిలబడతాడు. అతన్ని చంపకుండా ఆట ముందుకు సాగదు. అతనికి అప్పుడు పేరు కూడా లేదు. బటన్ నొక్కాం, పడిపోయాడు, ముందుకు వెళ్ళిపోయాం.

ఏడేళ్ళ తర్వాత ఆ డాక్టరుకు ఒక కూతురుందని రచయితలు నీల్ డ్రక్‌మన్, హేలీ గ్రాస్ గుర్తుచేశారు. పేరు యాబీ, కండలు ఎక్కువని కొందరు తిట్టిన ఆ పాత్రే. ఆట మొదలైన రెండు గంటల్లోపే ఆమె జోయల్‌ను గోల్ఫ్ కర్రతో కొట్టి చంపుతుంది. అప్పుడు మనం ఎల్లీగా నేల మీద పడి, కదల్లేక చూస్తుంటాం. ఎందుకు చంపిందో అప్పటికి సరిగ్గా తెలియదు కూడా.

ఇక్కడ ఆటగాళ్ళ ఫిర్యాదుల్లో ఒకటి పూర్తిగా న్యాయమైనది. 2019లో వదిలిన ట్రైలర్లో ఎల్లీని వెనక నుంచి వచ్చి నోరు మూసి, తోడుగా వచ్చానని చెప్పేది జోయలే. ఆటలో ఆ చోటికి వచ్చేది జెస్సీ అనే మరో పాత్ర. రహస్యం దాచడం వేరు, లేని దృశ్యాన్ని వండి చూపించడం వేరు. దీనికి పూర్వోదాహరణ లేకపోలేదు. 2001లో హిడియో కొజిమా ‘మెటల్ గేర్ సాలిడ్ 2’ ప్రచారమంతా స్నేక్ అనే పాత హీరో మీద నడిపి, తీరా ఆటలో మొదటి ఘట్టం కాగానే రైడెన్ అనే కుర్రాణ్ణి చేతిలో పెట్టాడు. అప్పుడూ తిట్లు పడ్డాయి. ఇరవై ఏళ్ళు గడిచాక దాన్నే దార్శనికత అంటున్నారు. కొనేముందు చెప్పిన అబద్ధానికి ఆ మర్యాద అక్కర్లేదు.

జోయల్ చావు మాత్రం అసలు గొడవ కాదు. అంతవరకే అయితే కొన్నాళ్ళు ఏడ్చి ఊరుకునేవాళ్ళు. పగ తీర్చుకోవడానికి ఎల్లీ సియాటిల్ వెళ్ళి మూడు రోజులు వేటాడుతుంది. చివరకు ఒక పాత థియేటర్లో యాబీయే ఎదురుపడి తుపాకీ గురిపెడుతుంది. సరిగ్గా అక్కడ ఆట తెగి, కాలం మూడు రోజులు వెనక్కి వెళుతుంది. ఇప్పుడు మనం యాబీ. దాదాపు పది గంటలు యాబీయే. ఎల్లీకి కూడబెట్టిన తుపాకులు, నేర్పించిన విద్యలు అన్నీ పోయాయి. జోయల్‌ను చంపిన మనిషికి మళ్ళీ మొదటి నుంచీ మందుగుండు ఏరుకోవాలి.

అశ్వత్థామ కథ మనకు తెలిసిందే. తండ్రిని అబద్ధమాడి చంపించారన్న కసితో అర్ధరాత్రి శిబిరంలో దూరి ఉపపాండవుల్ని నిద్రలోనే నరికాడు. పోతన భాగవతంలో అతన్ని కట్టి తెచ్చి ముందు పడేస్తే, ఇతని తల్లి కూడా నాలాగే ఏడవకూడదు, వదిలేయమంటుంది ద్రౌపది. ఈ కథను అశ్వత్థామ పక్షం నుంచి చెప్పినా మనం వింటాం, కాస్త జాలి కూడా పడతాం. కానీ ఆ రాత్రి కత్తి మన చేతిలో పెట్టి, డేరా తెర తొలగించి, లోపలికి నువ్వే వెళ్ళమంటే? వినేవాడికి, చూసేవాడికి ఈ ఇబ్బంది రాదు. ఆడేవాడికే వస్తుంది. థియేటర్ ఘట్టం తిరిగి వచ్చినప్పుడు యాబీగా మనం ఎల్లీని కొట్టాలి. చాలామంది కావాలనే ఓడిపోయి చూశారు. ఆట దాన్ని ఒప్పుకోదు, మళ్ళీ ఆడమంటుంది.

ఎల్లీ వైపూ సుఖం లేదు. ఆసుపత్రి నేలమాళిగలో యాబీ జట్టులోని నోరా అనే ఆమె దొరుకుతుంది. గదంతా ఎర్రటి వెలుగు. తెర మీద స్క్వేర్ బటన్ గుర్తు పడుతుంది. అది నొక్కితేనే ఇనప గొట్టం దిగుతుంది, నొక్కకపోతే ఏదీ కదలదు. కెమెరా దెబ్బ తగిలే చోటు చూపించదు, కొడుతున్న ఎల్లీ ముఖాన్ని చూపిస్తుంది. తెలివైనవాళ్ళ ఆక్షేపణ ఇక్కడే మొదలైంది: ‘ఇష్టం లేకపోయినా నా చేత నొక్కించి, మళ్ళీ నాకే సిగ్గుపడమని చెబుతారేంటి?’ ఈ ప్రశ్నకు ఆట దగ్గర పూర్తి సమాధానం లేదు. కుక్కల విషయంలో మరీ చవకబారు ఎత్తు వేసింది. ఎల్లీగా మనం పొడిచి చంపిన కుక్కే యాబీ భాగంలో తోకాడిస్తూ వస్తుంది, పేరు ఆలిస్. కళ్ళు చెమర్చే లోపే, మన కన్నీళ్ళ కోసం వల పన్నారని తెలిసిపోతుంది.

అయినా నా ఓటు ఆటకే. మొదటి భాగంలో పేరులేని డాక్టర్ని ఎంత తేలిగ్గా చంపామో మనం మర్చిపోయాం. ఆ తేలికతనానికి లెక్క అడిగే ధైర్యం కోట్లు పోసి తీసే గేమ్‌లలో అరుదు. జోయల్ మనవాడు కాబట్టి అతని హత్యలు ప్రేమ, యాబీ పరాయిది కాబట్టి ఆమె హత్య ద్రోహం అన్న లెక్క మన వేళ్ళ మీదే తప్పని తేలుతుంది. అది నచ్చకపోవడం వేరు, అర్థం కాకపోవడం వేరు. తిట్టినవాళ్ళలో చాలామందికి బాగా అర్థమైంది కాబట్టే కోపం వచ్చిందని నా అనుమానం. ఇక మార్కెట్ తనదైన తీర్పు చెప్పింది. మొదటి మూడు రోజుల్లో 40 లక్షలకు పైగా అమ్ముడుపోయింది, ఏడాది చివర ద గేమ్ అవార్డ్స్‌లో ఏడు బహుమతులు తెచ్చుకుంది. వాటిలో ఒకటి లారా బెయిలీ నటనకు.

2025లో హెచ్‌బీఓ సీరియల్ రెండో సీజన్‌లో యాబీ పగకు కారణాన్ని మొదట్లోనే చెప్పేశారు. చూసేవాడు గంటల తరబడి ఆమె కాళ్ళతో నడవడు కాబట్టి అది సరైన మార్పే. ఆ ఏడాది జూలైలోనే నాటీ డాగ్ ఉచిత అప్‌డేట్‌గా ఆటను కాలక్రమంలో ఆడే సదుపాయం ఇచ్చింది. మొత్తం ఒకసారి ఆడేసినవాళ్ళకు అది మంచి కాలక్షేపం. మొదటిసారి ఆడేవాళ్ళు మాత్రం దాని జోలికి పోకండి. యాబీ మీద కోపం తెచ్చుకునే అవకాశం అందులో సగానికి సగం పోతుంది, ఆ కోపం లేకుండా ఈ ఆట ఆడి ప్రయోజనం లేదు.