లక్సర్ గ్రామపు లేఖలు

యాత్రలు వ్రాసినవారిలో కట్టడములను వర్ణించువారు కొందరు, కలిసికొన్న మనుష్యుల మాటలను ఆలకించువారు కొందరు. రెండవ కోవకు చెందిన ఒక ఆంగ్ల రచయిత్రిని గూర్చి శ్రోతలతో ముచ్చటింపదలచితిమి.

లూసీ డఫ్ గార్డన్ 1821లో లండను నగరమున జన్మించెను. తండ్రి జాన్ ఆస్టిన్ న్యాయశాస్త్రవేత్త. తల్లి సారా ఆస్టిన్ పేరెన్నికగన్న అనువాదకురాలు. తల్లి విద్య కుమార్తెకు అబ్బెను. మైన్‌హోల్డ్ రచించిన జర్మను నవలను 1844లో ‘ది ఆంబర్ విచ్’ అను పేర ఆమె ఆంగ్లీకరించెను. మంత్రగత్తెయను నిందకు గురియైన ఒక నిరపరాధిని కథ యది. పిమ్మట జర్మను న్యాయకోవిదుడు ఫాయర్‌బాఖ్ వెలువరించిన నేరవిచారణలను అనువదించెను. పరుల పలుకులోని భావమును గ్రహించి తన భాషలో వినిపించుట ఆమెకు అలవాటయ్యెను. ఈ యలవాటే ఆమె యాత్రారచనకు ప్రాణము.

క్షయవ్యాధి ఆమెను స్వదేశమున నిలువనీయలేదు. భర్తను, బిడ్డలను విడిచి, పొడిగాలికై 1861లో దక్షిణాఫ్రికాలోని కేప్ కాలనీకిని, 1862లో ఈజిప్టునకును తరలెను. నైలునదీతీరమున లక్సర్ గ్రామమందు, ఇసుకలో సగము పూడిన ప్రాచీన దేవాలయముపై కట్టిన యొక పాతయింట కాపురముండెను. అరబ్బీ నేర్చెను, గ్రామస్థులతో కలిసి భుజించెను. 1864లో అంటుజ్వరము వ్యాపించినపుడు, తానే రోగియయ్యును, రోగులకు మందిచ్చి పరిచర్య చేసెను. ఆ జనులు ఆమెను ‘నూర్’ అని పిలిచిరి. వెలుగని దాని యర్థము.

ఈజిప్టును గూర్చి అప్పటికే పెక్కు గ్రంథములు వెలసియుండెను. వానిలో పెక్కింట శిథిలములకు దక్కిన చోటు రైతులకు దక్కలేదు. లూసీ తన భర్తకును తల్లికిని వ్రాసిన లేఖలలో రైతులే మాటాడుదురు. ఇస్మాయిల్ పాషాను నవనాగరక ప్రభువని ఐరోపాలో పలువురు కొనియాడుచున్న దినములవి. ఆ ప్రభుత్వమే కూలి ముట్టజెప్పక రైతులను వెట్టికి తరలించుట, ఒంటెలను పట్టుకొనిపోవుట, పన్నులతో పీడించుట ఆమె కన్నులార చూచి వ్రాసెను. 1865లో ఎగువ ఈజిప్టున చెలరేగిన తిరుగుబాటును సైన్యము క్రూరముగా అణచిన వైనమును సైతము దాచలేదు. ఆ సంవత్సరమే ‘లెటర్స్ ఫ్రమ్ ఈజిప్ట్’ అను పేర ఆ లేఖలు తల్లి సంపాదకత్వమున గ్రంథరూపము దాల్చెను.

1869 జూలై 14వ తేదీన, నలువది యెనిమిదవ యేట, ఆమె కైరో నగరమున కన్నుమూసెను. అదే సంవత్సరము నవంబరులో సూయజ్ కాలువ ప్రారంభోత్సవమునకు ఐరోపా రాజులును రాణులును విచ్చేసిరి. ఆ వైభవమును వర్ణించిన గ్రంథములు పెక్కు కలవు. ఆ వైభవమునకు మూల్యము చెల్లించిన పల్లెజనుల గోడు తెలియగోరు శ్రోతలు మాత్రము ఈ లేఖలను చదువవలెనని మా మనవి.