పెద్ద సైజు మగవారికి బట్టలు: ఈద్‌కు, నిఖాకు ముందే తెలుసుకోవాల్సిన లెక్కలు

రంజాన్ దగ్గర పడుతోందంటే ఇంట్లో అందరి బట్టల మాటా మొదలవుతుంది. పిల్లల పని ఒక్క షాపులోనే అయిపోతుంది. అదే ఇంట్లో ఆరడుగులు దాటిన కొడుకో, భారీ మనిషైన అబ్బానో, మామూనో ఉంటే నాలుగు షాపులు తిరిగినా "మీ సైజు లేదు భాయ్" అన్న మాటే వినిపిస్తుంది. చివరికి ఒంటికి ఏది ఎక్కితే అది కొనుక్కొని వచ్చేస్తారు. దాని ఫలితం నమాజులో తెలుస్తుంది. రుకూలోకి వంగగానే చొక్కా వెనక నుంచి పైకి లేస్తుంది. సజ్దాలో పైజామా కుట్టు పట్టేస్తుంది. ధ్యాస నమాజు మీద నిలవదు. కొంతమందైతే పెళ్లిళ్లకు, దావత్‌లకు రావడమే తగ్గించేస్తారు. కొలతల లెక్క కొంచెం తెలిస్తే ఈ ఇబ్బంది చాలావరకు తప్పుతుంది.

లావు వేరు, పొడుగు వేరు

రెడీమేడ్ బట్టలను ఒక మధ్యరకం కొలతతో తయారుచేసి, అక్కడి నుంచి సైజు పెంచుకుంటూ పోతారు. ఛాతీ పెరిగేకొద్దీ భుజం, చేయి, మెడ కూడా కొంత పెరుగుతాయి. కానీ అందరి శరీరం అలా అన్ని వైపులా ఒకే లెక్కన పెరగదు. పొట్ట, ఛాతీ పెద్దవై ఎత్తు మామూలుగా ఉన్న మనిషి త్రీ ఎక్స్‌ఎల్ వేసుకుంటే భుజం కుట్టు చేతి మీదికి జారుతుంది, స్లీవ్ వేళ్ల దాకా వస్తుంది. సన్నగా పొడుగ్గా ఉన్న కుర్రాడు పొడవు కోసం డబుల్ ఎక్స్‌ఎల్ కొంటే నడుము దగ్గర గుడారంలా ఉంటుంది.

అమెరికాలో అందుకే "బిగ్", "టాల్" అని రెండు వేర్వేరు వరసలు పెట్టారు. అక్కడ ఎల్‌టీ, ఎక్స్‌ఎల్‌టీ అంటే ఛాతీ అదే, పొడవు మాత్రం సాధారణంగా రెండు అంగుళాల వరకు ఎక్కువ. అక్కడున్న తమ్ముడో, కొడుకో బట్టలు పంపుతానంటే "పెద్ద సైజు పంపు" అని వదిలేయకండి. లావుకా, పొడుగుకా చెప్పండి.

మన దేశంలో చాలా కంపెనీలు విదేశీ కొలతల పట్టికలనే అటూ ఇటూ మార్చి వాడుతూ వచ్చాయి. మన శరీరాలకు సరిపోయే పట్టిక తయారు చేయడానికే కేంద్ర జౌళి శాఖ, నిఫ్ట్ కలిసి "ఇండియాసైజ్" పేరుతో సర్వే చేపట్టాయి. త్రీడీ స్కానర్లతో 25 వేల మందికి పైగా కొలతలు తీయాలన్న ఆ సర్వేకు ఎంచుకున్న ఆరు నగరాల్లో హైదరాబాద్ కూడా ఉంది.

42 అంటే ఏ 42?

ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. ఫార్మల్ షర్టు మీద 40, 42, 44 అని ఉంటే, చాలా బ్రాండ్లలో అది కాలర్ కొలత, అదీ సెంటీమీటర్లలో. కుర్తా, షేర్వానీ, బ్లేజర్ మీద 42, 44 అని ఉంటే అది ఛాతీ కొలత, అంగుళాల్లో. షర్టు 44 సరిపోతోంది కదా అని షేర్వానీ కూడా 44 అడిగితే, 48 అంగుళాల ఛాతీ ఉన్న మనిషికి గుండీలు పడవు.

ప్యాంటు మీద 40/34 అని ఉంటే మొదటిది నడుము, రెండోది కాళ్ల మధ్య నుంచి కింది అంచు వరకు పొడవు. పొడుగు మనుషులు చూడాల్సింది రెండోదే. ఆ అంకె లేకపోతే మడత విప్పి, లోపల గుడ్డ ఎంత మిగిలిందో చూడండి. మిగులు ఉంటే టైలర్ దించగలడు. లేకపోతే చేసేదేమీ లేదు.

ఇంట్లోనే ఐదు కొలతలు

ఒక టేపు చాలు. పల్చటి బనియన్ మీద కొలవాలి, ఊపిరి బిగబట్టకూడదు.

1. ఛాతీ: చంకల కింద, ఎక్కువ వెడల్పున్న చోట చుట్టూ.
2. పొట్ట: బొడ్డు దగ్గర చుట్టూ. నిలబడి ఒకసారి, కూర్చొని ఒకసారి. కూర్చుంటే పెరుగుతుంది, ఆ పెద్ద అంకెనే రాసుకోండి.
3. సీటు: పిరుదుల దగ్గర చుట్టూ.
4. భుజం, చేయి: ఒక భుజం చివరి నుంచి మరో భుజం చివరి వరకు, ఆపై భుజం నుంచి మణికట్టు వరకు.
5. ముందు నడుము నుంచి కాళ్ల మధ్యగా వెనక నడుము వరకు. పైజామా సజ్దాలో పట్టేయడానికి, చిరగడానికి ముఖ్య కారణం ఈ కొలత తీసుకోకపోవడమే.

ఈ అంకెలు ఫోన్‌లో రాసి పెట్టుకుంటే మనిషి పక్కన లేకపోయినా అమ్మీ గానీ, భార్య గానీ ధైర్యంగా కొనవచ్చు.

గుడ్డ ఎంత తీసుకోవాలి?

కటింగ్ పీసులు చాలావరకు రెండున్నర మీటర్ల లెక్కన దొరుకుతాయి. పెద్ద మనిషికి అది సరిపోతుందా లేదా అన్నది పన్నాను బట్టి ఉంటుంది. పన్నా అంటే గుడ్డ వెడల్పు.

48 అంగుళాల ఛాతీ, 46 అంగుళాల కుర్తా పొడవు అనుకుందాం. వదులు, కుట్టు కలిపితే ముందు భాగం, వెనక భాగం ఒక్కొక్కటి సుమారు 28 అంగుళాల వెడల్పు కావాలి. 58 అంగుళాల పన్నాలో రెండూ పక్కపక్కనే పడతాయి. మడతతో పొడవు 48 అంగుళాలు, చేతులకు మరో 27, మొత్తం 75 అంగుళాలు. కాలర్, జేబు కలుపుకొని రెండుంబావు మీటర్లు చాలు. అదే 44 అంగుళాల పన్నా అయితే రెండు భాగాలు పక్కపక్కన పట్టవు. పొడవు రెండుసార్లు తీయాలి, అంటే 96, దానికి చేతులు 27, మొత్తం 123 అంగుళాలు. మూడుంబావు మీటర్లకు తక్కువ తీసుకోకూడదు. పైజామాకు గుడ్డ వేరు.

పత్తర్‌గట్టీ అయినా, సికింద్రాబాద్ జనరల్ బజార్ అయినా, విజయవాడ వస్త్రలత అయినా గుడ్డ కోయించే ముందు పన్నా ఎంతో అడగండి. మీటరు ధర తక్కువైనా చిన్న పన్నా గుడ్డ చివరికి ఖరీదెక్కువ పడవచ్చు.

కాటన్ అయితే కుట్టించే ముందు ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి ఆరేయాలి. మూడు శాతం కుంచించుకున్నా 46 అంగుళాల కుర్తా దాదాపు అంగుళంన్నర పొట్టిదవుతుంది.

టైలర్‌కు చెప్పాల్సినవి

పొట్ట ఉన్నవారికి కుర్తా ముందు భాగం వెనక కంటే కొంచెం పొడవు పెట్టమనండి. లేకపోతే ముందు పైకి లేచి కనిపిస్తుంది. చంక కింద చౌబగ్లా, అంటే చిన్న చదరపు ముక్క వేయిస్తే చేతులెత్తినప్పుడు కుర్తా మొత్తం పైకి రాదు. పైజామాకు కాళ్ల మధ్య మియానీ తప్పకుండా వేయించాలి. పాత దర్జీలకు ఈ రెండూ బాగా తెలుసు, త్వరగా కుట్టే చోటనే వదిలేస్తుంటారు. పక్క చాక్‌లు మరీ పైదాకా వద్దని కూడా చెప్పండి. లోపల కుట్టు పక్కన అంగుళం గుడ్డ వదలమంటే, రేపు ఒళ్లు పెరిగినా తగ్గినా అదే జత పనికొస్తుంది.

ట్రయల్‌లో నిలబడి అద్దంలో చూసుకుంటే సరిపోదు. రుకూలోకి వంగాలి, నేల మీద కూర్చోవాలి, చేతులు పైకెత్తాలి. ఎక్కడా లాగకపోతే సరిగ్గా కుదిరినట్టే.

ఆన్‌లైన్‌లో కొంటే

పట్టికలో ఉన్నది ఒంటి కొలతా, బట్ట కొలతా అన్నది ముందు చూడండి. బట్ట కొలత అయితే అది మీ ఛాతీ కంటే నాలుగైదు అంగుళాలు ఎక్కువ ఉండాలి. ఇంట్లో బాగా సరిపోతున్న కుర్తాను మంచం మీద పరిచి, ఒక చంక నుంచి మరో చంక వరకు కొలిచి రెట్టింపు చేయండి. పట్టికతో పోల్చడానికి అదే నమ్మకమైన అంకె.

సైజు కుదరకపోవడం చట్టం ప్రకారం సరుకులో లోపం కిందకు రాదు. కాబట్టి షాపులో కొన్నా మార్పిడికి ఎన్ని రోజులో బిల్లు మీద రాయించుకోండి. కుట్టు ఊడిన, గుడ్డ చిరిగిన లోపమున్న సరుకు సంగతి వేరు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా దాన్ని వాపసు తీసుకోకపోవడం అనుచిత వ్యాపారం. 1915 నంబర్‌కు ఫిర్యాదు చేయవచ్చు.

ఆలస్యం వద్దు

రంజాన్ సగం గడిచాక చాలామంది టైలర్లు ఆర్డర్లు బంద్ చేస్తారు. పెద్ద సైజుకు ట్రయల్, మార్పు రెండూ కావాలి గనుక షాబాన్‌లోనే గుడ్డ ఇచ్చేయడం మేలు. నిఖా షేర్వానీకైతే నెలన్నర ముందు మొదలుపెట్టండి. అద్దెకు తీసుకుందామనుకున్నా పెద్ద సైజుల్లో రకాలు తక్కువ.

ఇంకో మాట, ఇది ఇంట్లోవాళ్లకు. షాపులో పదిమంది ముందు "ఇంత లావైపోయావు, నీకేం దొరుకుతుంది" అని నవ్వుతాం. పధ్నాలుగేళ్ల కుర్రాడు ఆ మాట ఏళ్ల తరబడి మర్చిపోడు. కొలతలు ఇంట్లో తీసుకోండి, షాపులో అంకె మాత్రమే చెప్పండి. ఈద్ రోజు అందరితో పాటు వాడూ కొత్త కుర్తా వేసుకొని, అత్తరు రాసుకొని, చొక్కా లాక్కోకుండా ఈద్‌గాహ్‌లో మీ పక్కన సఫ్‌లో నిలబడాలి.