సముద్రానికి పాత మోటారు పడవ

1960లో అమెరికాలోని మయామీ రేవునుండి బహామా దీవులలోని నసావుకు మోటారు పడవల పందెం జరిగినది. దూరం సుమారు 300 కిలోమీటర్లు. ఆనాడు గాలి తీవ్రంగా ఉన్నది, అలలు పెద్దవి. అట్టి సముద్రంలో 'మాపీ' అనే 31 అడుగుల కొయ్యపడవ ఎనిమిది గంటలలో నసావు చేరి, తక్కిన పడవలను చాలా వెనుకకు నెట్టినది. దాని ఇంజను బలం ఈ విజయానికి ముఖ్యకారణం కాదు. ముఖ్యకారణం దాని అడుగుభాగం ఆకారం. రేమండ్ హంట్ అనే అమెరికన్ శిల్పి ఆ ఆకారాన్ని రూపొందించినాడు. రిచర్డ్ బెర్ట్రామ్ అనే పడవల వ్యాపారి 1958లో న్యూపోర్టు వద్ద హంట్ పడవ ఒకటి ఉధృతమైన అలలమీద సాఫీగా పోవటం చూచి, తనకొకటి కట్టించుకొన్నాడు. అదే మాపీ. మరుసటి సంవత్సరమే దాని నమూనాపై ఫైబరుగ్లాసు పడవలు అచ్చుపోయటం మొదలైనది.

నేడు ఫ్లోరిడా తీరంలో అమ్మకానికి వచ్చే సముద్రపు మోటారు పడవలలో అధికభాగం ఆ వంశానివే. 25 అడుగుల కొత్త పడవ ధర ఇంజనుతో కలిపి లక్ష డాలర్లు దాటటం మామూలు. ఇరవై ఏళ్ల పాతదైతే అందులో నాల్గవ వంతుకే దొరకవచ్చును. ఉపాధ్యాయుడో, చిన్న ఉద్యోగో అట్టిదానిని కొనబోతాడు. అతడు పెట్టేది డబ్బు మాత్రమే కాదు. తీరం కనబడనంత దూరం పోయిన తరువాత అతని కుటుంబానికీ సముద్రానికీ నడుమ ఉండేది అంగుళంలో కొద్దిభాగం మందంగల గాజునార పొర. ఆ పొర ఎట్లున్నదో కంటికి పైపైన కనిపించదు. దానిని తెలిసికొనే ఉపాయాలన్నీ ఉన్నత పాఠశాలలో చెప్పే భౌతిక, రసాయనశాస్త్రాలలోనే ఉన్నవి.

మొదట ఆకారం. మెల్లగా పోయే పడవను నీటి ఉత్ప్లవనం మోస్తుంది. అట్టి పడవకు ఒక వేగపరిమితి ఉన్నది. నీటిమట్టం వద్ద పడవ పొడవును అడుగులలో కొలిచి, దాని వర్గమూలాన్ని 1.34తో హెచ్చవేస్తే ఆ వేగం నాట్లలో వస్తుంది. 25 అడుగుల పడవకు ఇది 6.7 నాట్లు, అనగా గంటకు 12 కిలోమీటర్లకు కొంచెం ఎక్కువ. అంతకు మించి పోవలెనంటే పడవ తాను పుట్టించిన అలను తానే ఎక్కి, నీటిమీద జారవలెను. అప్పుడు దానిని మోసేది ముఖ్యంగా ఉత్ప్లవనం కాదు, అడుగుకు తగిలే నీటి ఒత్తిడి. చదునైన అడుగుగల పడవ తక్కువ బలంతోనే ఇట్లు జారుతుంది. కాని అలమీదనుండి క్రిందపడినపుడు అడుగంతా ఒక్కసారిగా నీటిని చరుస్తుంది. అడుగు 'వి' ఆకారంలో ఉంటే నీరు క్రమక్రమంగా పక్కలకు తొలగుతుంది. ఆగటానికి పట్టే కాలం పెరుగుతుంది గనుక దెబ్బ తగ్గుతుంది. క్రికెట్ ఆటగాడు బంతిని పట్టేటప్పుడు చేతులను వెనుకకు తీయటంలో ఉన్న సూత్రమే ఇది.

హంట్ చేసిన మార్పు ఏమంటే, ఈ 'వి' ఆకారాన్ని ముక్కు వద్దనే వదలక చివరి వరకు తీసికొనిపోవటం. పడవ వెనుక పలకవద్ద అడుగు సమతలంతో చేసే కోణం 20 డిగ్రీలు దాటితే దానిని లోతైన 'వి' అంటారు. దీనికి మూల్యం లేకపోలేదు. ఇంజను బలం ఎక్కువ కావలెను. నిలిచి ఉన్నపుడు పడవ పక్కలకు ఎక్కువగా ఊగుతుంది. సరస్సులో, కాలువలో తిరిగేవానికి ఇది వృథా ఖర్చు. మయామీనుండి సుమారు 50 నాటికల్ మైళ్లలో ఉన్న బిమినీ దీవికి పోయేవానికి మాత్రం కాదు. ఆ దారిలో గల్ఫ్ స్ట్రీమ్ ప్రవాహం ఉత్తరంగా పారుతుంది. ఉత్తరపు గాలి వీచినపుడు అలలు ప్రవాహానికి ఎదురై పొడవు తగ్గి, ఎత్తు పెరిగి, గోడలవలె నిలుస్తవి. ఉదయం ప్రశాంతంగా దాటినవాడు సాయంత్రం తిరిగి రాలేని సందర్భాలు ఇట్లే ఏర్పడతవి.

ఆకారం నచ్చిన తరువాత పడవ ఆరోగ్యం చూడవలెను. ఎక్కువమంది మోసపోయేది ఇక్కడనే. ఫైబరుగ్లాసు కుళ్లదని అందరూ అంటారు. అది నిజమే. కాని పాత పడవలలో అడుగును గట్టిగా పట్టి ఉంచే నిలువు దూలాలు, ఇంజను బరువు మోసే వెనుక పలక, నడిచే తలం, వీటి లోపల సాధారణంగా కొయ్యో, బాల్సా చెక్కో ఉంటుంది. పైన గాజునార కప్పి ఉంటుంది. ఎవరో ఎప్పుడో ఒక మరను బిగించటానికి రంధ్రం చేసి, దాని అంచులకు మైనం వంటి పూత వేయకపోతే చాలు, నీరు లోనికి పోతుంది. బయట నిగనిగలాడుతున్న పడవ లోపల తడి అట్టవలె ఉంటుంది.

దీనికి పరీక్ష చాలా సులభం. ప్లాస్టిక్ తలగల చిన్న సుత్తితో అంగుళం అంగుళం తట్టుతూ పోవలెను. గట్టి భాగం ఖణేలుమంటుంది. పొరలు విడిన చోట, కొయ్య కుళ్లిన చోట మొద్దుధ్వని వస్తుంది. కుమ్మరి కుండను తట్టి చూచే పద్ధతే ఇది. మన కోస్తాలో కూడా అనేకచోట్ల కొయ్య తెప్పల స్థానంలో ఫైబరు తెప్పలు వచ్చినవి గనుక అక్కడి జాలరులకూ ఈ పరీక్ష పనికివస్తుంది. ఇంజను వెనుక పలకకు తగిలించి ఉంటే, దానిని క్రిందికి పైకి గట్టిగా ఊపి చూడవలెను. పలక కదిలితే బేరం అంతటితో ఆపటం మంచిది. కొత్త పలక వేయించే ఖర్చు చౌకపడవ ధరనే మించవచ్చును.

పడవను నీటినుండి పైకెత్తినపుడు అడుగున చిన్నచిన్న పొక్కులు కనిపించవచ్చును. ఇవి ద్రవాభిసరణం వల్ల ఏర్పడినవి. గాజునారను పట్టి ఉంచే పాలియెస్టరు రెజిన్ పైన జెల్‌కోటు అనే మెరుపుపొర ఉంటుంది. అది పాక్షిక ప్రవేశ్య పొర వంటిది. నీటి అణువులు దానిగుండా మెల్లగా లోనికి పోయి, రెజిన్‌లో మిగిలిన కరిగే పదార్థాలతో కలిసి చిక్కని ద్రావణం అవుతవి. ఆ ద్రావణం ఇంకా నీటిని లాగుకొంటుంది, పీడనం పెరిగి పొక్కు లేస్తుంది. పొక్కును చిదిపితే పుల్లని వాసనగల ఆమ్లద్రవం వస్తుంది. పది పన్నెండు పొక్కులు చూచి భయపడనవసరం లేదు, ధర తగ్గించమని అడిగితే సరిపోతుంది. అడుగంతా పొక్కులే అయితే వేరే మాట.

మరొక రహస్యం బరువు. పాత పడవలలో తలం క్రింద తేలికైన నురుగు నింపి ఉంటుంది. కాలక్రమాన అది నీరు పీల్చుతుంది. పడవ కనబడటానికి పొడిగానే ఉన్నా లోపల వందల కిలోల నీరు దాగి ఉండవచ్చును. ఆర్కిమిడీస్ సూత్రంతో దీనిని పట్టుకొనవచ్చును. నీటిమట్టం వద్ద పడవ వైశాల్యం 11 చదరపు మీటర్లనుకొందాం. అది ఒక సెంటీమీటరు లోతుగా మునిగితే అదనంగా తొలగే నీరు 0.11 ఘనమీటరు. సముద్రపు నీటి సాంద్రతనుబట్టి దీని బరువు సుమారు 113 కిలోలు. పడవ పక్కన రంగుతో గీచిన నీటిగీతకంటె ఖాళీ పడవ 5 సెంటీమీటర్లు క్రిందికి మునిగి ఉంటే, 560 కిలోలకు లెక్క చెప్పమని యజమానిని అడుగవలెను. అతడు కొత్త బరువైన ఇంజను తగిలించి ఉంటే కొంత లెక్క తేలవచ్చును. తక్కినది నీరే.

ఇంజను చల్లగా ఉన్నపుడే చేరుకోవటం మేలు. కొనేవారు రాకముందే ఇంజనును తిప్పి వేడిచేసి ఉంచటం అమ్మేవారికి తెలిసిన ఉపాయం. వేడి ఇంజను లోపాలను దాస్తుంది. నూనె పాలవలె తెల్లబడి ఉంటే దానిలో నీరు చేరినదని అర్థం. సిలిండర్లన్నింటి సంపీడన పీడనాన్ని కొలిచి చూస్తే ఒకదానికొకటి పదిశాతంలోపు తేడాతో ఉండవలెను. పీడనం మొత్తంగా ఎంత ఉన్నదనే దానికంటె ఈ సమానత ముఖ్యం. లోపల అమర్చిన పెట్రోలు ఇంజనులకు ఉప్పునీటితో చల్లబడే ఇనుప పొగగొట్టపు భాగాలుంటవి. అవి కొన్నేళ్లకు లోపలనుండి తినివేయబడి, నీటిని సిలిండర్లలోకి వదులుతవి. చివరిసారి ఎప్పుడు మార్చినారో రసీదు చూడకుండా మాట నమ్మరాదు.

ఉప్పునీరు మంచి విద్యుద్విశ్లేష్యం. స్టెయిన్‌లెస్ ఉక్కు ప్రొపెల్లరు, అల్యూమినియం గృహం, నడుమ సముద్రపు నీరు కలిస్తే ఒక విద్యుత్ ఘటమే తయారైనట్లు. అందులో అల్యూమినియం ఋణధ్రువమై కరిగిపోతుంది. దానిని రక్షించటానికి జింకు ముక్కలు బిగిస్తారు. అల్యూమినియంకంటె ముందు జింకు తనను తాను అర్పించుకొంటుంది. సగం తరిగిన జింకు ముక్క కనబడితే అది శుభసూచకం. చాలాకాలం నీటిలో ఉండికూడా ముక్క చెక్కుచెదరకుండా ఉంటే, దానికి రంగు వేసినారనో, లోహంతో సంబంధం తెగినదనో అనుమానించవలెను.

పెట్రోలు ఆవిరి గాలికంటె మూడునాలుగు రెట్లు బరువైనది. కారులో అది క్రిందికి కారి గాలిలో కలిసిపోతుంది. పడవలో పోవటానికి దారి లేదు, అడుగున పేరుకొంటుంది. గాలిలో అది ఒకటిన్నర శాతం ఉంటే చాలు, నిప్పురవ్వ తగిలినపుడు పేలుతుంది. లెక్కవేస్తే, ఒక ఘనమీటరు చోటును పేలుడు మిశ్రమంగా మార్చటానికి ఒక చిన్న టీ గ్లాసెడు పెట్రోలు సరిపోతుంది. అందుచేత లోపలి ఇంజను తిప్పేముందు నాలుగు నిమిషాలు గాలిపంకాను నడపమంటారు. పడవకు కారు విడిభాగాలు చౌకగా తెచ్చి బిగించినవారు ఎందరో ఉన్నారు. కారు స్టార్టరు మోటారులో నిప్పురవ్వలు బయటికి రాకుండా కట్టుదిట్టం ఉండదు. పాత పడవలో అట్టి భాగం కనబడితే తక్కిన మరమ్మతులు కూడా అదే చేతితో జరిగినవని అనుకోవచ్చును. నేటి అమెరికన్ పెట్రోలులో సాధారణంగా పదిశాతం వరకు ఇథనాల్ ఉంటుంది. కొన్ని పాత పడవలలోని ఫైబరుగ్లాసు పెట్రోలు తొట్లలో రెజిన్‌ను అది కరిగించి ఇంజనుకు పంపుతుంది. అట్టి తొట్టి ఉన్న పడవను కొంటే తొట్టిని మార్చే ఖర్చును మొదటే ధరలో కలుపుకొనవలెను.

రెండు ఇంజనులు ఉంటే ఒకటి చెడినా రెండవది ఇల్లు చేరుస్తుందని పలువురి నమ్మకం. తొట్టి ఒకటే అయి పెట్రోలులో నీరు చేరితే రెండూ ఒకేసారి ఆగిపోతవి. తక్కువ డబ్బుగలవానికి, నిర్వహణ సరిగా లేని రెండింటికంటె, మంచి స్థితిలో ఉన్న ఒక ఇంజను, వేరే డబ్బాతో నడిచే చిన్న ఇంజను మేలు.

ఖర్చు కొనుగోలుతో ముగియదు. పెట్రోలు ఇంజను పది అశ్వసామర్థ్యాలకు గంటకు ఒక అమెరికన్ గాలను, అనగా 3.8 లీటర్లు, త్రాగుతుందని స్థూలమైన లెక్క. 25 నాట్ల వేగానికి 130 అశ్వసామర్థ్యాలు వాడే పడవ బిమినీకి రెండు గంటలలో పోతుంది. పోవటానికి వంద లీటర్లు, రావటానికి వంద. మూడవ వంద ఎప్పుడూ నిలువ ఉంచవలెనని నావికుల నియమం. 300 లీటర్ల తొట్టి లేని పడవ ఎంత చౌకైనా ఈ ప్రయాణానికి పనికిరాదు. చేతిలో ఉన్న డబ్బంతా పడవకే పెట్టినవాడు మొదటి సంవత్సరమే చిక్కులో పడతాడు. నాల్గవ వంతైనా మరమ్మతులకు మిగల్చవలెను.

నీటిని తోడే పంపును కూడా ఈ సందర్భంలోనే లెక్కతో చూడవచ్చును. నీటిమట్టానికి 60 సెంటీమీటర్ల క్రింద ఒకటిన్నర అంగుళాల గొట్టం ఊడిపోతే, టారిసెల్లీ సూత్రం ప్రకారం నీరు సెకనుకు 3.4 మీటర్ల వేగంతో చొరబడుతుంది. ధార సన్నబడటాన్ని లెక్కలోకి తీసికొన్నా నిమిషానికి 140 లీటర్లు. గంటకు 500 గాలన్లని పైన వ్రాసి ఉన్న చిన్న పంపు, పూర్తి శక్తితో తోడినా, నిమిషానికి 32 లీటర్లే. కాబట్టి గొట్టాల బిగింపులను, వాటి కవాటాలను చేతితో తిప్పి చూడవలెను. తుప్పుపట్టి తిరగని కవాటం ఆపదవేళ పంపుకంటె ముందే కొంప ముంచుతుంది.

పత్రాల విషయం చిన్నదే కాని వదలరాదు. 1972 నవంబరునుండి అమెరికాలో తయారైన ప్రతి పడవకు వెనుక పలక కుడిప్రక్కన పన్నెండు అక్షరాల, అంకెల గుర్తు చెక్కి ఉంటుంది. మొదటి మూడు అక్షరాలు తయారు చేసినవారిని తెలుపుతవి. 1984 తరువాత వచ్చిన పద్ధతిలో చివరి రెండు అంకెలు నమూనా సంవత్సరం. అది యాజమాన్య పత్రంలోని గుర్తుతో సరిపోవలెను. 2022లో ఇయన్ తుఫాను వంటివి వచ్చిన తరువాత మునిగిన పడవలను కడిగి, రంగువేసి, దూరప్రాంతాలలో అమ్మే అవకాశం ఉన్నది గనుక పాత యజమానుల వరుస అడగటంలో తప్పులేదు.

ఇవన్నీ సరిపోయిన తరువాతనే బయానా ఇవ్వటం, అదికూడా సర్వేయరు పరీక్షలోనూ సముద్రపరీక్షలోనూ నెగ్గకపోతే తిరిగి ఇచ్చే షరతుతో, అక్కడి వాడుక. సముద్రపరీక్షలో ఇంజనును పూర్తివేగానికి పెట్టి, తయారీదారు చెప్పిన భ్రమణసంఖ్య అందుకొంటున్నదా అని చూస్తారు. అందుకోకపోతే ప్రొపెల్లరు తగనిదైనా కావలెను, పడవ బరువెక్కినదైనా కావలెను, ఇంజను అలసినదైనా కావలెను. తిరిగివచ్చి పడవను పైకెత్తిన తరువాత వెంటనే ఇంటికి పోక, అడుగుభాగాన్ని పొడిగుడ్డతో తుడిచి, అరగంటసేపు అక్కడనే కూర్చొని చూడవలెను. దూలాలలోనో, పగుళ్లలోనో చేరిన నీరు ఏదైనా ఉంటే, ఆ తుడిచిన చోట ఒక్కొక్క చుక్కగా తిరిగి కనబడుతుంది.